ఎల్వా నది మీద రెండు నిషేధాలు

నది ఒడ్డున పుట్టి పెరిగిన జాతికి "నీళ్లలోకి దిగవద్దు" అనే మాట చాలా బరువైనది. కానీ ఆ మాట ఎవరు అంటున్నారు, ఎందుకు అంటున్నారు, ఎంతకాలానికి అంటున్నారు అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. అమెరికాలో ఎల్వా అనే ఒక చిన్న నది ఉంది. అక్కడి ఆదివాసులు వంద సంవత్సరాల కాలంలో రెండు నిషేధాలు చూశారు. మొదటిదానికి ఉత్తర్వు లేదు, గడువు లేదు. అది ఒక కాంక్రీటు గోడ. రెండవది ఆ గోడను కూల్చేటప్పుడు వచ్చింది. దానికి కారణం ఉంది, గడువు ఉంది, ఆదివాసుల సమ్మతి ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను మన యువకులు, ఉపాధ్యాయులు తెలుసుకోవాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

నది, చేప, మనుషులు

ఎల్వా నది అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. ఒలింపిక్ పర్వతాలలో పుట్టి, ఉత్తర దిక్కుగా సుమారు 72 కిలోమీటర్లు పారి, హువాన్ డి ఫూకా జలసంధిలో కలుస్తుంది. మన గోదావరి పక్కన పెడితే అది వాగు కింద లెక్క. అయినా పసిఫిక్ సముద్రపు సాల్మన్ చేపలు ఐదు రకాలూ ఎక్కి వచ్చే నది అది.

సాల్మన్ మంచినీళ్లలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన నదికే వస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పులస ఎదురీదినట్టే అదీ ఎదురీదుతుంది. గుడ్లు పెట్టాక ఈ చేపలు చచ్చిపోతాయి. వాటిని ఎలుగుబంట్లు, పక్షులు తింటాయి. మిగిలింది ఒడ్డున ఉన్న చెట్లకు ఎరువు. అంటే చేప రావడం ఆగితే అడవికి కూడా తిండి తగ్గుతుంది.

ఆ నది మనుషులు క్లాలం ప్రజలు. వాళ్ల పేరుకు వాళ్ల భాషలో "బలమైన వాళ్లు" అని అర్థం. 1855 జనవరి 26న అమెరికా ప్రభుత్వం వాళ్లతోనూ, పక్క తెగలతోనూ పాయింట్ నో పాయింట్ అనే చోట ఒప్పందం చేసుకుంది. తెగలు తమ భూమిని దాదాపు అంతా వదులుకున్నాయి. ఒక్కటి మాత్రం వదులుకోలేదు. తాము ఎప్పుడూ చేపలు పట్టే చోట్ల ఇకముందు కూడా పట్టుకునే హక్కును కాగితం మీద నిలబెట్టుకున్నాయి.

మొదటి నిషేధం

1910లో థామస్ ఆల్డ్‌వెల్ అనే వ్యాపారి కరెంటు తయారీ కోసం ఎల్వా మీద ఆనకట్ట పని మొదలుపెట్టాడు. చోటు సముద్రానికి 8 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1912 అక్టోబరు 31న ఆనకట్ట పునాది కింద నుంచి నీళ్లు తన్నుకుని బయటపడ్డాయి. దిగువ ఒడ్డున ఉన్న క్లాలం కుటుంబాల మీదికి వరద వచ్చింది. అయినా మళ్ళీ కట్టి 1913లో పూర్తిచేశారు. ఎత్తు 33 మీటర్లు. 1927లో ఇంకా ఎగువన గ్లైన్స్ లోయలో 64 మీటర్ల ఎత్తున రెండవ ఆనకట్ట లేచింది. ఆ కరెంటు పోర్ట్ ఏంజలిస్ పట్టణానికీ, మిల్లులకూ వెళ్ళింది.

చేపలు ఎక్కే నదికి అడ్డంగా ఆనకట్ట కడితే చేపలకు దారి వదలాలని వాషింగ్టన్ రాష్ట్రం 1890లోనే చట్టం చేసింది. ఎల్వా మీద కట్టిన రెండు ఆనకట్టలకూ ఆ దారి లేదు. దానికి బదులు ఒక చేపపిల్లల కేంద్రం పెడితే చాలని ఒప్పందానికి వచ్చారు. ఆ కేంద్రం 1915లో మొదలై 1922 నాటికి మూతపడింది. గోడ మాత్రం ఉండిపోయింది.

110 కిలోమీటర్లకు పైగా నది, ఉపనదులు చేపలకు అందకుండా పోయాయి. వాటికి మిగిలింది సముద్రం పక్కన ఉన్న 8 కిలోమీటర్లు. ఒకప్పుడు ఏటా దాదాపు 4 లక్షల సాల్మన్ ఎల్వాకు వచ్చేవని అంచనా. ఆనకట్టల తరువాత ఆ సంఖ్య 4 వేల లోపుకు పడిపోయింది. "చేపలు పట్టవద్దు" అని ఆ గోడ మీద ఎవరూ బోర్డు పెట్టలేదు. ఒప్పందం కాగితం అలాగే ఉంది, దాని మీద రాసిన హక్కూ ఉంది. చేపే లేదు. దీన్నే మేము మొదటి నిషేధం అంటున్నాం. దానికి ఎవరూ కారణం చెప్పలేదు, ఎవరి సమ్మతీ అడగలేదు, ఎప్పుడు తీస్తామో రాయలేదు.

మిగిలిన కొద్ది చేపల కోసం వల వేసిన ఆదివాసులను కూడా రాష్ట్ర అధికారులు పట్టుకునేవారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎన్నో తెగలవాళ్లు తమ ఒప్పందపు హక్కును వాడుకున్నందుకు జరిమానాలు కట్టారు, జైలుకు వెళ్లారు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జి బోల్ట్ తీర్పు వచ్చాక పరిస్థితి మారింది. ఒప్పందాలు చేసుకున్న తెగలకు పట్టదగిన చేపలలో సగం వాటా చెందుతుందని ఆ తీర్పు చెప్పింది. అయితే ఎల్వాలో సగం అంటే దేనిలో సగం? ఈ ప్రశ్నే లోయర్ ఎల్వా క్లాలం తెగను ఆనకట్టల వైపు తిప్పింది.

1986లో ఆనకట్టల లైసెన్సు వ్యవహారంలో తెగ తానూ ఒక పక్షంగా చేరింది. పర్యావరణ సంఘాలు తోడు వచ్చాయి. 1992లో అమెరికా పార్లమెంటు ఎల్వా నది పునరుద్ధరణ చట్టం చేసింది. 2000లో ప్రభుత్వం రెండు ఆనకట్టలనూ 2.95 కోట్ల డాలర్లకు కొన్నది. కూల్చడం మొదలవడానికి ఇంకా పదకొండేళ్లు పట్టింది. ఆ లోపు పోర్ట్ ఏంజలిస్‌కు నీటిని శుభ్రంచేసే కొత్త ఏర్పాటు కట్టారు. తెగ నివాసాల దగ్గర వరద కట్ట ఎత్తు పెంచారు. తెగకు కొత్త చేపపిల్లల కేంద్రం వచ్చింది. మొత్తం ఖర్చు సుమారు 32.5 కోట్ల డాలర్లు. ఈ ఏర్పాట్లన్నీ కూల్చడానికి ముందే పూర్తి కావడాన్ని గమనించాలి.

కూల్చేటప్పుడు నదిని ఎందుకు మూస్తారు

2011 సెప్టెంబరులో పని మొదలైంది. కింది ఆనకట్ట దగ్గర నదిని ఒకసారి ఒక పక్కకు, ఇంకోసారి మరో పక్కకు మళ్లిస్తూ, పొడిగా ఉన్న వైపు కాంక్రీటును తీశారు. 2012 మార్చి నాటికి అది లేదు. పై ఆనకట్టను యంత్రపు సుత్తితో పైనుంచి పొరలు పొరలుగా పగలగొట్టారు, తరువాత మందుగుండుతో పేల్చారు. చివరి భాగాన్ని 2014 ఆగస్టు 26న పేల్చారు.

ఇలాంటి పని జరుగుతున్న చోటికి పడవలనూ మనుషులనూ రానివ్వకపోవడానికి బలమైన కారణాలు ఉన్నాయి. పేలుడుకు రాళ్లు ఎగురుతాయి. అది అందరికీ తెలిసిందే. నీళ్లలో పేలుడు దెబ్బ గాలిలో కంటే ఎక్కువ దూరం, ఎక్కువ బలంగా పోతుందన్నది అంతగా తెలియదు. ఆ దెబ్బకు చేప కడుపులో ఉండే గాలితిత్తి చిట్లుతుంది. నీళ్లలో మునిగి ఉన్న మనిషి ఊపిరితిత్తులకూ అదే ప్రమాదం. నీళ్లు దిగిపోతున్న జలాశయం ఒడ్డు చూడటానికి గట్టినేలలా ఉంటుంది, కాలు పెడితే బురదలో కూరుకుపోతుంది. పాత మానులు కొట్టుకువస్తాయి. కాంక్రీటులోని ఇనుప చువ్వలు నీటి కింద పైకి కనబడకుండా ఉంటాయి. ఆనకట్ట పోయిన తరువాత కూడా గ్లైన్స్ లోయలో జారిపడిన పెద్ద బండలను మళ్ళీ పేల్చవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద సమస్య ఒండ్రు. రెండు ఆనకట్టల వెనక సుమారు 2 కోట్ల ఘనపు మీటర్ల మట్టి, ఇసుక, గులకరాళ్లు పేరుకున్నాయి. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో తోలితే 20 లక్షల ట్రిప్పులు. దాన్ని ఎవరూ తోలలేదు, నదే మోసుకుపోవాలి. ఒక్కసారి వదిలితే దిగువన ఉన్న చేపలు ఊపిరాడక చస్తాయి. అందుకే చేపలు ఎక్కే కాలంలో కూల్చే పని ఆపేవారు. మట్టి వల్ల నీటి శుద్ధి కేంద్రానికి ఇబ్బంది వచ్చినప్పుడు గ్లైన్స్ పని దాదాపు ఏడాది ఆగింది. అంటే ఆంక్షలు జనానికి మాత్రమే కాదు, కూల్చేవాళ్లకు కూడా ఉన్నాయి.

అదే రాష్ట్రంలో వైట్ సాల్మన్ నది మీద కాండిట్ అనే ఆనకట్ట ఉండేది. అది యాకమా తెగ చేపలు పట్టే నది. అక్కడ ఇంకో పద్ధతి పాటించారు. 2011 అక్టోబరు 26న గోడ అడుగున సొరంగం పేల్చి తెరిచారు. రెండు గంటలు కూడా కాకముందే జలాశయం ఖాళీ అయింది. ఆ వరద దాటిపోయే వరకు దిగువ నదిలో మనుషులు ఉండకూడదు. గుడ్లు పెట్టడానికి వచ్చిన సాల్మన్‌లను ముందే పట్టి ఎగువకు తరలించారు. ఒక నదికి గంటల పని, మరో నదికి మూడేళ్ల పని. నది తీరు, దిగువన ఎవరు బతుకుతున్నారు అన్నవి చూసి ఆంక్షల కొలత నిర్ణయించాలని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నాయి.

రెండవ నిషేధం

పేలుళ్ల ఆంక్ష పేలుళ్లతో పోతుంది. చేపల వేట ఆపడం అలాంటిది కాదు. తిరిగి వచ్చే చేప కొద్దిగా ఉంటుంది, అదీ బురద నీళ్లలో ఈదుకుంటూ రావాలి. దాన్ని పట్టేస్తే ఎగువకు వెళ్లి గుడ్లు పెట్టేది ఏదీ మిగలదు. అందుకని 2011లో ఎల్వాలో ఐదేళ్ల పాటు వేట ఆపారు. బయటివాళ్లతో పాటు ఒప్పందపు హక్కు ఉన్న క్లాలం ప్రజలు కూడా వలలు తీసేశారు. ఐదేళ్లకు చేపల సంఖ్య చాలలేదు. గడువు పొడిగించారు. మళ్ళీ పొడిగించారు. మొత్తం పన్నెండేళ్లు.

దీన్ని చిన్న త్యాగంగా మేము చూడటం లేదు. 2011లో పదేళ్లున్న పిల్లవాడికి 2023 నాటికి ఇరవై రెండేళ్లు వచ్చాయి. వల కట్టడం, నీటి పోకడ చదవడం, మొదటి చేపను పెద్దలకు ఇవ్వడం నేర్చుకునే వయసంతా అతనికి తన నదిలో వేట లేకుండానే గడిచింది. ఒక తరం ఇలా పోతే విద్య కూడా పోవచ్చు. ఆ ప్రమాదం తెలిసే తెగ ఒప్పుకున్నది. ఎందుకు ఒప్పుకోగలిగింది? కూల్చమని అడిగింది తామే. చేపలను లెక్కపెట్టే వాళ్లలో తెగ సిబ్బంది ఉన్నారు. గడువు వచ్చిన ప్రతిసారీ పొడిగించాలా వద్దా అనే మాటలో తెగకు చోటు ఉంది.

2023 అక్టోబరులో నది తెరిచారు. అదీ అందరికీ కాదు. సముద్రం పక్కన ఉన్న 5 కిలోమీటర్ల మేర, కోహో రకం చేపలను, 400కు మించకుండా, క్లాలం ప్రజలు తమ ఆచారాలకూ ఇంటి తిండికీ పట్టుకోవడానికి మాత్రమే. సరదాకు గాలం వేసే వాళ్లకు నది అప్పటికి ఇంకా మూసే ఉంది. ఎవరు ఎక్కువ కోల్పోయారో వాళ్ల వల ముందు పడింది.

నీళ్లు దిగిపోయినప్పుడు ఇంకొకటి బయటపడింది. సృష్టికర్త తమ జాతిని మలిచిన చోటు ఎల్వా ఒడ్డున ఒక బండ దగ్గర ఉందని క్లాలం పెద్దలు చెబుతూ వచ్చారు. కింది ఆనకట్ట జలాశయం దాన్ని ముంచేసింది. 2012లో, 99 ఏళ్ల తరువాత, పెద్దలు చెప్పిన గుర్తులను బట్టి ఆ చోటును మళ్ళీ గుర్తుపట్టారు.

మన నదుల దగ్గర

మన దగ్గర ఆనకట్టలు కూలడం లేదు, లేస్తున్నాయి. కాబట్టి ఎల్వా కథను మనకు అతికించడం మా ఉద్దేశం కాదు. కానీ నదిని మూయడం మనకూ కొత్త కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతోమంది ప్రాణాలు పోయాక పాపికొండల పర్యాటక బోట్లు ఆపేశారు. ప్రాణాలు కాపాడే ఆంక్షను ఎవరూ కాదనలేరు. అయితే పర్యాటక బోటు ఆగితే ఒకరికి విహారం పోతుంది. రోడ్డు లేని కొండరెడ్ల ఊరికి పడవ ఆగితే సంతకూ, రేషనుకూ, ఆస్పత్రికీ దారి పోతుంది. రెండింటినీ ఒకే ఉత్తర్వుతో కొలవకూడదు.

అందుకని నది మీద ఏ ఆంక్ష వచ్చినా మన గ్రామసభ అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ ప్రమాదం గురించి ఈ ఆంక్ష? ఏ తేదీన, లేక ఏ పని పూర్తయ్యాక తీస్తారు? ఆ లోపు మా ప్రయాణానికీ తిండికీ బదులు ఏమిటి? తెరిచినప్పుడు ముందు ఎవరికి? ఇలా అడగడానికి మనకు చట్టం ఆధారం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చేపల మీదా, ఇతర నీటి ఉత్పత్తుల మీదా సాముదాయక హక్కును గుర్తించింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. మీ పిల్లలను ఊరి పెద్దల దగ్గర కూర్చోబెట్టి, ఏ మడుగులో ఏ నెలలో ఏ చేప దొరికేదో, రేవు ఎక్కడ ఉండేదో, నది ఒడ్డున కొలుపు ఎక్కడ జరిగేదో రాయించండి. ఊరి పేరు, చెప్పినవారి పేరు, తేదీ వేయించి గ్రామసభ రికార్డులో చేర్పించండి. క్లాలం పెద్దల మాట 99 ఏళ్లు నీళ్ల కింద ఉన్న బండను చూపించగలిగింది. మన పెద్దల మాట కూడా కాగితం మీద ఉంటే, నదిని మూసేటప్పుడు మనం ఏం పోగొట్టుకుంటున్నామో చూపించగలం, తెరిచేటప్పుడు అడిగి తీసుకోగలం.