పదో తరగతి దాటని చదువులు: బడి మానేయడానికి కారణాలేమిటి? ఆదుకుంటున్న పథకాలేవి? వృత్తి విద్య ఎంతవరకు తోడ్పడుతుంది?

దేశంలో పిల్లలను బడిలో చేర్పించడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. చేరినవారిని పన్నెండో తరగతి పూర్తయ్యే వరకు నిలపడమే అసలు సవాలుగా మారింది. కేంద్ర విద్యా శాఖ ప్రకటించిన యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం సన్నాహక దశలో, అంటే మూడు నుంచి ఐదో తరగతి వరకు, బడి మానేస్తున్నవారు 2.3 శాతం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇది 3.5 శాతం. తొమ్మిదో తరగతి నుంచి ఆపై మాధ్యమిక దశలో 8.2 శాతానికి చేరుతోంది. పిల్లల వయసు పెరిగేకొద్దీ బడితో బంధం బలహీనపడుతోందని ఈ అంకెలు చెబుతున్నాయి.

పరిస్థితి మెరుగుపడుతున్న మాట నిజమే. మాధ్యమిక దశలో బడి మానేసినవారు 2022-23లో 13.8 శాతం ఉండగా, 2023-24లో 10.9 శాతానికి, ఆ మరుసటి ఏడాది 8.2 శాతానికి తగ్గారు. అయినా బడిలో కొనసాగింపు రేటును చూస్తే లోటు స్పష్టమవుతుంది. ఎనిమిదో తరగతి వరకు ఈ రేటు 82.8 శాతం కాగా, మాధ్యమిక దశలో 47.2 శాతమే. ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చేరినవారు పాఠశాలల లెక్కలోకి రారు. అందువల్ల మిగిలిన వారందరూ చదువు మానేసినట్లు భావించరాదు. అయినప్పటికీ పాఠశాల విద్యను పూర్తి చేయలేకపోతున్నవారి సంఖ్య పెద్దదే.

పద్నాలుగేళ్ల వద్ద తొలగుతున్న రక్షణ

రాజ్యాంగంలోని 21-ఎ అధికరణం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యకు హామీ ఇస్తున్నాయి. ఎనిమిదో తరగతితో ఈ హామీ ముగుస్తుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తోంది. బడి వేళల తర్వాత కుటుంబ వృత్తుల్లో సాయపడటం వంటి కొన్ని మినహాయింపులే ఇచ్చింది. 14 నుంచి 18 ఏళ్ల వారి విషయంలో మాత్రం ప్రమాదకరమైన పనులకే నిషేధం వర్తిస్తుంది.

అంటే చదువుకు చట్టం ఇచ్చే భరోసా ఆగిపోయే వయసులోనే పనికి వెళ్లేందుకు దారి తెరుచుకుంటోంది. కేంద్రం నిధులిచ్చే మధ్యాహ్న భోజనం కూడా ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాత ఉన్నత పాఠశాల ఊరికి దూరమవుతుంది, ఖర్చులు పెరుగుతాయి, బోర్డు పరీక్ష ఎదురవుతుంది. పేద కుటుంబాలపై ఈ భారాలన్నీ రెండు మూడేళ్ల వ్యవధిలోనే పడుతున్నాయి.

మానేయడానికి కారణాలు

మగపిల్లలు ఎక్కువగా సంపాదన కోసం చదువు ఆపుతున్నారు. ఆడపిల్లల విషయంలో ఇంటి పని, తమ్ముళ్లు చెల్లెళ్ల ఆలనాపాలనా, బడి దూరం, పెళ్లి ప్రధాన కారణాలు. పిల్లలు తమకు చదువుపై ఆసక్తి లేదని చెప్పడమూ తరచుగా వినిపిస్తుంది. ఆ మాట వెనుక చాలా సందర్భాల్లో కింది తరగతుల్లోనే పేరుకుపోయిన వెనుకబాటు ఉంటుంది. చదవడం, లెక్కలు చేయడం సరిగా రాకుండానే తొమ్మిదో తరగతికి చేరిన విద్యార్థికి తరగతి గదిలో గడిపే ప్రతి గంటా అవమానంగానే తోస్తుంది.

వైఫల్యం ప్రభావం ఎంతటిదో కేంద్ర విద్యా శాఖ 2022 పరీక్షా ఫలితాలపై జరిపిన విశ్లేషణ తెలిపింది. పదో తరగతి నుంచి పదకొండుకు చేరని విద్యార్థులు దేశవ్యాప్తంగా సుమారు 35 లక్షల మంది. వీరిలో 27.5 లక్షల మంది ఉత్తీర్ణులు కాలేదు, 7.5 లక్షల మంది పరీక్షకే హాజరు కాలేదు.

వలస మరో కారణం. పంటల కాలం ముగియగానే కుటుంబమంతా ఇటుక బట్టీలకో నిర్మాణ పనులకో తరలిపోతే పిల్లల చదువు మధ్యలో తెగిపోతుంది. ఇలాంటి పిల్లలు సొంత ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్షా కింద కాలానుగుణ వసతి గృహాలు నడుస్తున్నాయి. ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే కార్మికుల పిల్లల కోసం పని ప్రదేశాల్లోనే ఒడియా మాధ్యమంలో బోధించే ఏర్పాట్లు జరిగాయి.

బడికి రప్పించిన పథకాలు

*భోజనం:* తమిళనాడులో 1956లో కామరాజ్ ప్రభుత్వం ప్రారంభించిన మధ్యాహ్న భోజనాన్ని 1982లో ఎం.జి.రామచంద్రన్ విస్తరించారు. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ పథకాన్ని ఆరంభించింది. బడిలోనే వండి వడ్డించాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఈ పథకాన్ని 2021 నుంచి పీఎం పోషణ్‌గా వ్యవహరిస్తున్నారు. తెలుగు రాష్ట్రాలు సొంత నిధులతో తొమ్మిది, పది తరగతులకూ భోజనం పెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు డొక్కా సీతమ్మ పేరిట ఈ పథకాన్ని వర్తింపజేసింది.

*రవాణా:* బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ జరిపిన అధ్యయనం ప్రకారం మాధ్యమిక పాఠశాలల్లో తగిన వయసు బాలికల నమోదు 32 శాతం పెరిగింది. బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గింది. ఉన్నత పాఠశాలకు మూడు కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ దూరంలో ఉన్న గ్రామాల్లో ఫలితం అధికంగా కనిపించింది. దూరమే అడ్డంకి అయినచోట సైకిల్ పనిచేసిందనేందుకు ఇది గట్టి ఆధారం.

*వసతి:* సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకుల విద్యాలయం తెలుగు నేలపై ఈ తరహా విద్యకు నాంది పలికింది. 2004లో కేంద్రం ప్రవేశపెట్టిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదట ఎనిమిదో తరగతి వరకే ఉండేవి. 2018లో సమగ్ర శిక్షా వచ్చాక వాటిని పన్నెండో తరగతి వరకు పెంచేందుకు వీలు కలిగింది. పై తరగతి అదే ప్రాంగణంలో ఉంటే బాలికలు చదువు ఆపే అవకాశం తగ్గుతుంది.

*ఆర్థిక సాయం:* నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏటా రూ.12,000 అందుతుంది. దేశవ్యాప్తంగా ఏడాదికి లక్ష మందిని కొత్తగా ఎంపిక చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం పథకం కింద చదువుకుంటున్న ప్రతి బిడ్డకు రూ.15,000 కేటాయిస్తూ, అందులో రూ.2,000 పాఠశాలల నిర్వహణకు మినహాయిస్తున్నారు. పశ్చిమ బెంగాల్‌లో 2013లో మొదలైన కన్యాశ్రీ పథకం 18 ఏళ్లు నిండేనాటికి పెళ్లి కాకుండా చదువు కొనసాగిస్తున్న యువతులకు ఒకేసారి రూ.25,000 ఇస్తుంది. పొరుగున బంగ్లాదేశ్ 1994లోనే మాధ్యమిక పాఠశాల బాలికలకు దేశవ్యాప్త భృతిని ప్రారంభించింది. హాజరు 75 శాతం ఉండటం, పెళ్లి కాకపోవడం దాని షరతుల్లో ఉన్నాయి.

*తిరిగి చేర్పించడం:* మానేసిన పిల్లలను నేరుగా వారి వయసుకు తగిన తరగతిలో కూర్చోబెడితే నిలవరు. శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లలను శిబిరాల్లో ఉంచి, కొన్ని నెలల వారధి కోర్సుతో సన్నద్ధం చేసి బడుల్లో చేర్పించింది. ఈ కృషికి ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బడి మానిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యా హక్కు చట్టం కూడా నిర్దేశిస్తోంది.

నిలిచేందుకు ఒక కారణం: వృత్తి విద్య

భోజనం, సైకిల్, ఉపకార వేతనం బడికి వచ్చే ఖర్చును తగ్గిస్తాయి. పదిహేనేళ్ల కుర్రాడు ‘ఈ చదువుతో నాకేం వస్తుంది?’ అని అడిగితే మాత్రం వాటి వద్ద సమాధానం లేదు. రోజు కూలి కళ్ల ముందే కనిపిస్తున్నప్పుడు చదువు ఇచ్చే ప్రతిఫలమూ అంతే స్పష్టంగా కనిపించాలి. వృత్తి విద్య అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్, 1964-66 నాటి కొఠారి కమిషన్ చదువుకు పనిని జోడించాలనే చెప్పాయి. ఆచరణ వెనుకబడింది. 19-24 ఏళ్ల కార్మిక శక్తిలో లాంఛనప్రాయ వృత్తి విద్య పొందినవారు భారత్‌లో 5 శాతం లోపేనని, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతమని పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాలను ఉటంకిస్తూ జాతీయ విద్యా విధానం-2020 పేర్కొంది. 2025 నాటికి కనీసం 50 శాతం మంది విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కల్పించాలని, 2030 నాటికి మాధ్యమిక స్థాయి వరకు నూరు శాతం నమోదు సాధించాలని ఆ విధానం లక్ష్యాలు పెట్టుకుంది.

ప్రస్తుతం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగం, తోటపని, కుండల తయారీ వంటి స్థానిక పనులను నేర్పేందుకు వీలుంది. ఎన్‌సీఈఆర్‌టీ ఈ తరగతులకు కౌశల్ బోధ్ పేరిట పాఠ్యపుస్తకాలు తెచ్చింది. తొమ్మిది నుంచి పన్నెండు వరకు సమగ్ర శిక్షా కింద వ్యవసాయం, వస్త్ర తయారీ, ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్, ఆరోగ్య సేవలు, పర్యాటకం, రిటైల్ వంటి రంగాల్లో కోర్సులు నడుస్తున్నాయి.

పదో తరగతి వైఫల్యాన్ని తగ్గించేందుకూ వృత్తి విద్య ఉపకరిస్తుంది. సీబీఎస్‌ఈ నిబంధనల ప్రకారం విద్యార్థి గణితం, సామాన్య, సాంఘిక శాస్త్రాలలో ఒకదానిలో తప్పినా, ఆరో సబ్జెక్టుగా తీసుకున్న నైపుణ్య కోర్సులో ఉత్తీర్ణుడైతే దాన్ని ఆ స్థానంలో పరిగణిస్తారు. ఒక్క పేపరుతో చదువు ఆగిపోయే ప్రమాదాన్ని ఈ వెసులుబాటు తప్పిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో పది తర్వాత గండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదో తరగతి ఒక బోర్డు కింద, ఇంటర్మీడియట్ మరో బోర్డు కింద ఉన్నాయి. పది పూర్తికాగానే విద్యార్థి బడి, ఉపాధ్యాయులు, తరచుగా ఊరు కూడా మారాల్సి వస్తుంది. ఈ మార్పులో కొందరు జారిపోతున్నారు. పది, పన్నెండు తరగతులకు ఉమ్మడి బోర్డు ఉండాలని 2025లో కేంద్ర విద్యా శాఖ ఏడు రాష్ట్రాలకు సూచించింది. వాటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి.

మరోవైపు ఇక్కడ వృత్తి మార్గాలకు లోటు లేదు. పది తర్వాత పాలిసెట్ ద్వారా పాలిటెక్నిక్‌లో, ఆపై ఈసెట్ ద్వారా నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ వొకేషనల్ విద్యార్థులు బ్రిడ్జ్ కోర్సు పూర్తి చేసి ఉన్నత చదువులకు అర్హత పొందవచ్చు. ఈ దారుల గురించి తొమ్మిదో తరగతిలోనే విద్యార్థికి, తల్లిదండ్రులకు వివరించేవారు ప్రతి బడిలో ఉండటం అవసరం.

జాగ్రత్త పడాల్సిన అంశాలు

వృత్తి విద్య పేద పిల్లలకు మాత్రమే ఉద్దేశించిన తక్కువ రకం చదువుగా మారితే ప్రయోజనం దెబ్బతింటుంది. తండ్రి చేసే పనికే బిడ్డను పరిమితం చేసే సాధనంగా అది మిగులుతుందన్న విమర్శ నయీ తాలీమ్ కాలం నుంచీ ఉంది. అందుకే వృత్తి కోర్సు నుంచి డిగ్రీకి, డిగ్రీ నుంచి నైపుణ్య శిక్షణకు మారే వీలు ఉండాలి. భాష, గణితం పునాదులను వృత్తి విద్యార్థులకూ అంతే శ్రద్ధగా నేర్పాలి.

నాణ్యత మరో సమస్య. చాలా రాష్ట్రాల్లో వృత్తి శిక్షకులను శిక్షణ సంస్థల ద్వారా ఒప్పంద పద్ధతిపై నియమిస్తున్నారు. పరికరాలు లేని ప్రయోగశాలలో, సమీపంలో ఉపాధి లేని కోర్సును ఒప్పజెబితే విద్యార్థికి నమ్మకం కలగదు. కోర్సుల ఎంపికలో ఆ ప్రాంతంలోని పరిశ్రమలు, పంటలు, సేవా రంగాలను దృష్టిలో ఉంచుకోవాలి.

చదువు మానే ముందు సాధారణంగా కొన్ని సంకేతాలు కనిపిస్తాయి. హాజరు తగ్గడం, మార్కులు పడిపోవడం, కుటుంబం వలస వెళ్లడం వాటిలో ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ సహకారంతో ఇలాంటి సమాచారాన్ని విశ్లేషించి, మానేసే ప్రమాదమున్న పిల్లలను ముందుగానే గుర్తించే ప్రయత్నం చేసింది. గుర్తించాక ఆ ఇంటి గడప తొక్కి మాట్లాడేది మాత్రం ఉపాధ్యాయుడే. దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయని 2024-25 నివేదిక చెబుతున్న నేపథ్యంలో ఆ బాధ్యతకు తగిన సిబ్బందిని ఇవ్వడం ప్రభుత్వాల ముందున్న పని.

తల్లిదండ్రులు, విద్యార్థులు తెలుసుకోవాల్సినవి

- ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నవారు మీన్స్ కమ్ మెరిట్ పరీక్ష రాయవచ్చు. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించరాదు.
- పదో తరగతి తప్పినవారు సప్లిమెంటరీ పరీక్షలు రాయవచ్చు. రెగ్యులర్‌గా చదవలేనివారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలు పది, ఇంటర్ పూర్తి చేసే వీలు కల్పిస్తున్నాయి.
- కొన్ని ఐటీఐ ట్రేడ్‌లలో ఎనిమిదో తరగతి అర్హతతోనే చేరవచ్చు.
- బాల కార్మికులు, బాల్య వివాహాల సమాచారాన్ని 1098 నంబరుకు ఉచితంగా తెలియజేయవచ్చు.

మాధ్యమిక విద్యలో నూరు శాతం నమోదుకు పెట్టుకున్న గడువు 2030. 2024-25లో ఈ దశలో స్థూల నమోదు 68.5 శాతం వద్ద ఉంది. మిగిలిన దూరాన్ని దాటాలంటే ఎనిమిదో తరగతితో ఆగుతున్న భోజనం, వసతి, చట్టపరమైన భరోసా పన్నెండు వరకు కొనసాగాలి. ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నది జీవనోపాధికి దారి తీస్తుందన్న విశ్వాసం విద్యార్థికి కలగాలి.