కాసు చైనా ప్రయాణం
రాజమండ్రిలో ఫెంగ్‌షుయ్ సామాన్లు అమ్మే కొట్లో, ఎర్రదారం కట్టిన చైనా నాణేల పొట్లం మీద ‘నగదు నాణేలు’ అని అచ్చేశారు. చూసి మనసు చివుక్కుమంది; ఇంగ్లీషు ‘క్యాష్’ను పొరబాటుగా తెలుగు చేశారు. ఇంగ్లీషులో ‘క్యాష్’లు రెండు. నగదు అనే క్యాష్ ‘పెట్టె’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. నడుమ చదరపు చిల్లున్న చైనా నాణెం పేరైన క్యాష్ మాత్రం మన దక్షిణాది కాసే! పోర్చుగీసువాళ్లు దాన్ని ‘కైషా’ అన్నారు, ఇంగ్లీషువాళ్లు క్యాష్ చేసి చైనా నాణేనికీ తగిలించారు. కాసంటే మొదట చిల్లర నాణెం; ‘కాసుకు కొరగాడు’ అనే తిట్టులో ఆ అర్థమే మిగిలింది. ఇప్పుడు కోనసీమ పెళ్లి మాటల్లో కాసంటే ఎనిమిది గ్రాముల బంగారం. కాసులపేరులో ‘పేరు’ అంటే దండ; చైనావాళ్లూ కాసుల్ని దండగుచ్చే లెక్కపెట్టేవారు. కాబట్టి వాటిని ‘చైనా కాసులు’ అనడమే న్యాయం. ఇక అసలు-నకిలీల సంగతి: చియెన్‌లుంగ్ చక్రవర్తి (1736–1795) కాసు పోత నాణెం. వెనకవైపు మంచూ లిపిలో టంకశాల పేరుంటుంది, అంచున ఆకురాయి గీతలు కనిపిస్తాయి. పొట్లంలోవాటి అంచులు అద్దంలా నున్నగా, యంత్రంతో చేసినట్టు ఉన్నాయి. కాబట్టి అవి ఆ కాలంవి కాకపోవచ్చు; చైనాలో కాసుల్ని యంత్రంతో ముద్రించడం 1889లో కాంటన్ టంకశాల వచ్చాకే ఊపందుకుంది.