మీట నొక్కిన పిమ్మట

మైకు ఎదుట కూర్చుండు మాకు రెండు సెకనుల నిశ్శబ్దమెంత దీర్ఘమో తెలియును. ‘పుష్ టు టాక్’ టెలిఫోనుల చరిత్ర అట్టి నిశ్శబ్దమునకు సంబంధించినదే.

మీట నొక్కి పలుకుట, వదలి వినుట - ఇంతియే దాని విధము. అమెరికాలో 1990 దశకమున నెక్స్‌టెల్ సంస్థ మోటరోలావారి ఐడెన్ పద్ధతిపై దీనిని వ్యాపింపజేసినది. లారీలకు, పనిస్థలములకు ఆజ్ఞలు పంపు రేడియోల సంతతికి చెందినది గనుక, అందు సుమారొక సెకనులోనే దారి దొరకెడిది. 2003లో వెరైజన్, స్ప్రింట్ సంస్థలు పోటీకి దిగినవి. వారు మాటను పొట్లములుగా కట్టి డేటా మార్గమున పంపిరి. నిద్రించు ఫోనును మేల్కొలుపవలెను, దానికి తరంగమార్గ మీయవలెను, అవతలివానిని వెదకవలెను. పిమ్మటగాని సర్వరు పలుకుటకు అనుమతి నీయదు. ఇందులకు కొన్ని సెకనులు పట్టెడివి. తొందరపడి ముందే నోరు విప్పినవాని తొలిమాట పోయినట్లే. ఆ మాట ‘ఆగు’ అయినచో?

ఐడెన్ మాత్రము నిర్దోషియా? దాని 800 మెగాహెర్ట్‌జ్ తరంగములు పోలీసు, అగ్నిమాపక రేడియోలనే చెరచుచుండగా, 2004లో అమెరికా ప్రసార నియంత్రణ సంఘము వాటిని వేరుపరుప నుత్తరువు చేసినది. 2005లో నెక్స్‌టెల్ స్ప్రింట్‌లో కలిసినది. 2013 జూన్ 30న ఐడెన్ మూగవోయినది.

2016లో ముగిసిన 3జీపీపీ ప్రమాణములు రక్షక దళములకై కొత్త గడువు విధించినవి: మీట నొక్కినది మొదలు అనుమతి వరకు, నూటికి 95 సార్లు, 300 మిల్లీసెకనులకు లోపల. స్థావరముపై రద్దీ నూటికి 70 పాళ్లకు లోబడి యున్నప్పుడే ఆ లెక్క.