పాచికలు లేని హిసాబ్: అల్ కిందీ లెక్కపెట్టిన అక్షరాలు

బడి లెక్కల పుస్తకాల్లో 'దత్తాంశ నిర్వహణ' అని ఒక పాఠం ఉంటుంది. సగటు, మధ్యగతం, బాహుళకం అయ్యాక సంభావ్యత మొదలవుతుంది. అక్కడ నాణెం ఎగరేస్తారు, పాచిక వేస్తారు. పదో తరగతికొచ్చేసరికి పేకముక్కలు కూడా వచ్చి కూర్చుంటాయి. మన ఇళ్లలో కొందరు అమ్మీలకు, దాదీలకు ఈ పేజీ దగ్గర దిల్‌లో ఏదో ఖట్కా. జువా హరామ్ అని చెప్పి పెంచిన పిల్లాడి చేతికి మనమే పాచిక ఇవ్వాలా? సవాల్ సబబైనదే, నవ్వి తీసేయాల్సింది కాదు.

పందెం హరామ్ గానీ హిసాబ్ హరామ్ ఎలా అవుతుంది, అని మౌల్వీ సాబ్‌లు జవాబు చెబుతారు. అది సరే. నేను చెప్పాలనుకున్నది తారీఖ్ సంగతి. యూరప్‌లో ఈ ఇల్మ్ జూదం బల్ల దగ్గర పెరిగిన మాట నిజం. 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు ఉత్తరాలు రాసుకున్నది, మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచాలనే. కానీ అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే బాగ్దాద్‌లో ఒకాయన లెక్కపెట్టి, ఆ లెక్కతో కనబడనిదాన్ని అందాజా కట్టాడు. ఆయన చేతిలో పాచికలు లేవు. కాగితాలున్నాయి.

ఆయన అబూ యూసుఫ్ యాకూబ్ అల్ కిందీ. క్రీ.శ. 801 ప్రాంతంలో కూఫాలో పుట్టాడని చెబుతారు. ఖలీఫా అల్ మామూన్, అల్ ముతసిమ్‌ల కాలంలో బాగ్దాద్‌లో పనిచేశాడు. యూనానీ కితాబులు అరబీలోకి దిగుతున్న జమానా అది. హుకూమత్ ఖత్‌లు రహస్య లిపిలో నడిచేవి. ఆ లిపిని తాళంచెవి లేకుండా ఎలా విప్పాలో అల్ కిందీ ఒక రిసాలా రాశాడు. అది శతాబ్దాల పాటు ఇస్తాంబుల్ సులేమానియా కుతుబ్‌ఖానాలో పడి ఉంది. దమస్కస్‌లో అచ్చయింది 1987లో. మన ఇంటి ఖజానా మనకే ఇంత ఆలస్యంగా తెలియడం చూస్తే అఫ్సోస్ అనిపిస్తుంది.

తరీకా చాలా సాదా. ముందు అదే భాషలో మామూలు రాత ఒకటి తీసుకో. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. అన్నిటికన్నా ఎక్కువొచ్చినది మొదటిది, తర్వాతిది రెండోది. ఇప్పుడు రహస్య ఖత్‌లోని గుర్తులనూ అలాగే లెక్కపెట్టు. అక్కడి మొదటిది ఇక్కడి మొదటిదై ఉండొచ్చు.

'ఉండొచ్చు' అన్నది చూశారా, అదే సంభావ్యత. యకీన్ కాదు, ఉత్త గుమాన్ కూడా కాదు. మన ముహద్దిసీన్ రివాయత్‌లను తూచేటప్పుడు ముతవాతిర్, ఆహాద్ అని తేడా చేశారు కదా. ఎంతమంది చెబితే ఎంత నమ్మకం అన్న ఆ ఎరుక మనకు కొత్త కాదు. అల్ కిందీ దాన్ని అంకెల్లో పెట్టాడు. 3667 అక్షరాలు లెక్కపెడితే అలిఫ్ 600, లామ్ 437, మీమ్ 320 వచ్చాయి. అంటే వందకు 16 పైనే అలిఫ్‌లు. ఏడో తరగతి పిల్లలు 'పౌనఃపున్య పట్టిక' అని రాసేది దీన్నే.

ఆవరేజ్ అనే మాట కూడా అరబీ 'అవార్' నుంచి వచ్చిందని భాషావేత్తలు చాలామంది అంటారు. దెబ్బతిన్న సరుకు అని అర్థం. ఓడలో సరుకు పోతే ఆ నుక్సాన్‌ను వ్యాపారులంతా పంచుకునేవాళ్లు. సగటు అంటే పంచుకోవడమే అని చెప్పి చూడండి, పిల్లలకు సూత్రం కన్నా ముందు అర్థం దొరుకుతుంది.

మోసూల్‌లో 1187లో పుట్టిన ఇబ్న్ అద్లాన్ ఇంకో మాట చేర్చాడు. ఖత్ మరీ చిన్నదైతే ఈ లెక్క పనిచేయదు, కనీసం 90 అక్షరాలైనా ఉండాలి అన్నాడు. అరబీలో 28 అక్షరాలు, ఒక్కోటి సగటున మూడుసార్లు రావాలంటే 84. నమూనా ఎంత పెద్దదిగా ఉండాలన్న సవాల్ అప్పుడే పుట్టింది.

దీన్ని ఇంట్లోనే పరఖ్ చేయొచ్చు. పిల్లలకు సూరా ఫాతిహా నోటికొచ్చు. బిస్మిల్లాతో కలిపి దాదాపు 140 అక్షరాలు. గళ్ల కాగితం మీద 28 అక్షరాలు రాయించి, వచ్చినప్పుడల్లా గీత పెట్టించండి, ఐదోది అడ్డంగా. లెక్క పూర్తయ్యాక ఏడు గళ్లు ఖాళీగా మిగులుతాయి: సా, జీమ్, ఖా, జా, షీన్, జో, ఫా. ఇబ్న్ అద్లాన్ అడిగిన 90 కంటే ఎక్కువ అక్షరాలున్నా సరే! వీటిలో చాలావరకు అల్ కిందీ పట్టికలోనూ అడుగున ఉన్నవే, కాబట్టి రాకపోవడంలో వింతేం లేదు. ఫా మాత్రం అలా కాదు. ఆయన లెక్కలో అది 122 సార్లు వచ్చింది. ఆ వంతున 140 అక్షరాల్లో నాలుగైదు సార్లు తగలాలి. ఒక్కసారి కూడా లేదు. సూరా పేరేమో ఫాతోనే!