చిన్నదని ఉపేక్షించరాదు: రొమ్ము క్యాన్సర్ – సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల చరిత్ర

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో పత్తితీతలు ముగిసీ ముగియకముందే మిరపకోతలు మొదలవుతాయి. ఆ రోజుల్లో కూలి మానుకొని ఆసుపత్రికి వచ్చే స్త్రీ అరుదు. నా ఉద్యోగకాలంలో అలా వచ్చి, రొమ్ములో గడ్డ ఉన్నదని తలవంచుకొని చెప్పినవారు ఎందరో. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, "ఏడాది దాటిందండీ. కందిగింజంతే గదా, నొప్పి కూడా లేదు గదా అనుకున్నాను" అనేవారు. కందిగింజ నిమ్మకాయంతై, చంకలో బిళ్లలు కట్టి, చర్మం పుండైన తరువాత వచ్చినవారే ఎక్కువ. నొప్పి లేకపోవడమే ఆ గడ్డ చేసే మోసమని వారికి ముందుగా చెప్పినవారు లేరు.

చిన్నదని ఉపేక్షించడం చదువులేని పల్లె స్త్రీల తప్పు అని మనం తేలికగా అనేస్తాము. కాని మహాపండితులైన శాస్త్రవేత్తలు సైతం అదే పొరపాటు చేశారు. ఆ చరిత్రను తెలపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యవిద్య ముగించేనాటికి రొమ్ము క్యాన్సర్‌కు మా చేతిలో ఉన్నవి శస్త్రచికిత్స, కిరణచికిత్స, కొన్ని మందులు. శస్త్రచికిత్స తరువాత మూడు మందులు కలిపి ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీ వైద్యుడు జియాన్ని బొనడోన్నా ప్రకటించారు. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల సాగించిన పరిశోధనల ఫలమది. ఆ మందులు విపరీతంగా విభజన చెందే కణాలను చంపగలవు. అయితే ఆ కణం మొదట అదుపు ఎందుకు తప్పింది? ఈ ప్రశ్నకు లభించిన సమాధానాలలో ఒకటి ఊహించని చోటి నుంచి వచ్చింది.

పూర్వం మన గ్రామాలలో కరణంగారి వద్ద దస్తరం ఉండేది. అసలు దస్తరం ఇల్లు కదలదు. అవసరమైన పుటకు నకలు తీసి ఇస్తారు, ఆ నకలును బట్టి పని జరుగుతుంది. కణంలో డీఎన్‌ఏ ఆ దస్తరం. దాని నకలు ఆర్‌ఎన్‌ఏ. నకలును బట్టి తయారయ్యేది ప్రోటీన్. ఆర్‌ఎన్‌ఏ కేవలం వార్తాహరి అనీ, కణంలో అధికారమంతా ప్రోటీన్లదేననీ చాలాకాలం భావించారు. మానవ డీఎన్‌ఏలో ప్రోటీన్లను నిర్దేశించే భాగం సుమారు 2 శాతం మాత్రమే. మిగిలిన దానిలో అధికభాగాన్ని చెత్త అన్నవారూ ఉన్నారు.

1993లో విక్టర్ ఆంబ్రోస్, ఆయన సహచరులు రొజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ ఒక మిల్లీమీటరు పొడవుండే నేలపురుగులో లిన్-4 అనే జన్యువును వెదికి పట్టారు. దాని నుంచి ప్రోటీన్ పుట్టడం లేదు. పుట్టేది 22 అక్షరాల చిట్టి ఆర్‌ఎన్‌ఏ. అది మరొక జన్యువు నకలుకు అంటుకొని ఆ నకలు అమలు కాకుండా ఆపుతున్నదని అదే సమయంలో గ్యారీ రవ్‌కున్ బృందం నిరూపించింది. ఇది పురుగుకే పరిమితమైన వింత అని శాస్త్రలోకం పక్కన పెట్టింది. ఏడేళ్ల తరువాత, 2000లో, రవ్‌కున్ బృందం లెట్-7 అనే రెండవ చిట్టి ఆర్‌ఎన్‌ఏను కనుగొని, అది మనిషిలోనూ ఉన్నదని చూపిన తరువాత గాని అందరి కళ్లూ తెరుచుకోలేదు. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు నోబెల్ బహుమతి 2024లో లభించింది.

మొక్కలలోనూ ఇటువంటి చిట్టి ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయని 1999లో హామిల్టన్, బౌల్‌కూంబ్ చూపారు. జెమిని వైరస్ పేరు వింటేనే మన మిరప రైతు ఉలిక్కిపడతాడు. వైరస్‌లపై పోరాటంలో మొక్కకు ఉన్న సహజాయుధాలలో ఇవి కూడా ఒకటి.

ఇక క్యాన్సర్ విషయం. 2002లో కార్లో క్రోచే బృందం ఒక రకమైన రక్తక్యాన్సర్‌లో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు లోపించడం గమనించింది. 2005లో అదే బృందం రొమ్ము గడ్డలను ఆరోగ్యకరమైన కణజాలంతో పోల్చింది. గడ్డలలో మిర్-21, మిర్-155 పెరిగాయి. మిర్-125బి, మిర్-145, మిర్-10బి తగ్గాయి. మిర్-21 కణానికి బ్రేకులవంటి ప్రోటీన్ల తయారీని అణచివేస్తుంది. బ్రేకు లేని బండి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అయితే 2007లో ఒక చిక్కు ఎదురైంది. గడ్డలలో తగ్గినట్లు కనిపించిన మిర్-10బి, ఇతర అవయవాలకు పాకే గుణమున్న క్యాన్సర్ కణాలలో పెరిగి ఉన్నదనీ, ఆ పాకుడుకు తోడ్పడుతున్నదనీ రాబర్ట్ వైన్‌బెర్గ్ ప్రయోగశాల వెల్లడించింది. ఒకే అణువు సందర్భాన్ని బట్టి వేరుగా ప్రవర్తిస్తుంది. ఈ శాస్త్రం మందుల దుకాణం దాకా రావడానికి ఆలస్యమవుతున్న కారణాలలో ఇదొకటి. మైక్రో ఆర్‌ఎన్‌ఏను అనుకరించే ఒక మందుపై జరిగిన తొలి మానవ ప్రయోగాన్ని తీవ్ర దుష్ఫలితాల వల్ల 2016లో నిలిపివేశారు. రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడానికి మామోగ్రామ్ స్థానాన్ని భర్తీ చేయగల మైక్రో ఆర్‌ఎన్‌ఏ రక్తపరీక్ష కూడా ఇంకా రాలేదు. ఎవరైనా అలా చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకింది. సుమారు 98,000 మంది మరణించారు. వీరిలో ఎందరో ఆలస్యంగా వచ్చినందువల్లనే మరణించారని నా అనుభవం చెబుతున్నది.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని మన పెద్దలు అన్నారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో రొమ్ము పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ విధానం. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. గడ్డ గాని, చనుమొన లోపలికి పోవడం గాని, రక్తస్రావం గాని, చర్మం నారింజ తొక్కలా మారడం గాని కనిపిస్తే ఆ వారమే వైద్యునికి చూపించండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. కాని అవునో కాదో పరీక్ష చెప్పాలి, మన ధైర్యం కాదు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనే నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉన్నది.

22 అక్షరాల అణువును పట్టించుకోవడానికి శాస్త్రలోకానికి ఏడేళ్లు పట్టింది. అంత వ్యవధి రొమ్ములోని గడ్డ మనకు ఇవ్వదు. మిరపకోతలు ఒకరోజు ఆగినా నష్టం లేదమ్మా. ముందు ఆసుపత్రికి రండి.