స్ప్రే ఫోమ్ ఉష్ణ నిరోధకం: ముంబై తెలుగు వాడల కొత్త ఇళ్లలో ఎంపిక

స్ప్రే ఫోమ్ అంటే రెండు ద్రవ రసాయనాలను గన్‌తో కలిపి చల్లగానే పొంగి, కాసేపట్లోనే గట్టిపడే పాలీయురిథేన్ నురగ. స్లాబు, గోడల గుండా వేడి దిగకుండా ఆపడానికి దీన్ని వాడతారు. చలి దేశాల్లో చెక్క ఇళ్ల గోడల మధ్య ఖాళీల్లో నింపుతారు. మన దేశంలో కోల్డ్ స్టోరేజీలు, గోదాములు, ఫ్యాక్టరీ షెడ్లు, డాబాలకు ఎక్కువగా వాడుతున్నారు. ముంబైలో తెలుగువారు తరతరాలుగా ఉంటున్న చాళ్ల (వరుస గదుల అద్దె భవనాల) స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నందున, కొత్త ఇంటికి ఇది అవసరమా అన్న ప్రశ్న వస్తోంది. ఆ నగర వాతావరణంలో దీని ప్రయోజనం ప్రధానంగా పైకప్పుకే, అంటే చివరి అంతస్తు ఇళ్లకే పరిమితం.

నేపథ్యం

బొంబాయి దీవులను కలిపిన హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట 18వ శతాబ్ది చివర పూర్తయ్యాక, పూడ్చిన పల్లపు నేలల్లో కామాఠీపురా వెలిసింది. తెలంగాణ ప్రాంతం నుంచి కట్టడం పనులకు వచ్చిన కామాఠీల వల్ల దానికా పేరు. నగరాన్ని కట్టిన ఆ కూలీలు తాము మాత్రం అంకెలతో పిలిచే గల్లీల్లో, ఇరుకు ఖోలీల్లో (ఒంటి గదుల్లో) ఉన్నారు. వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లలోనూ తెలుగు కుటుంబాలున్నాయి. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన ఈ చాళ్లలో ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు.

ఈ చాళ్ల పునర్నిర్మాణం మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి. కామాఠీపురాకూ మ్హాడా ద్వారానే, వాడంతా కలిపి కట్టే క్లస్టర్ పునర్నిర్మాణం తలపెట్టారు.

పాత చాళ్లలో ఎండ కాపుదల

పాత కామాఠీపురా చాళ్లలో చాలావాటికి చెక్క దూలాలు, ఇటుక గోడలు, పైన మంగుళూరు పెంకు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోయేది. ఖోలీల ముందు పొడవునా సాగే గ్యాలరీ గోడ మీద ఎండ పడనిచ్చేది కాదు. పెంకులు పగిలిన చోట సిమెంటు రేకులో, ఇనుప రేకులో వేశాక పై అంతస్తు ఖోలీలు ఉడికిపోవడం మొదలైంది. వేసవిలో కింద థర్మోకోల్ సీలింగు కొట్టించుకోవడం, వానలకు ముందు రేకుల మీద నీలి టార్పాలిన్ కప్పుకోవడం అక్కడి మామూలు ఏర్పాట్లు.

తయారయ్యే తీరు, రకాలు

ఒక డ్రమ్ములో ఐసోసైనేట్, మరో డ్రమ్ములో పాలియాల్, నురగ పొంగించే పదార్థం ఉంటాయి. యంత్రం రెంటినీ వేడిచేసి, సమపాళ్లలో గన్ దాకా పంపుతుంది. పాళ్లు తప్పితే నురగ జిగటగానో పెళుసుగానో మిగులుతుంది, చేప వాసన లాంటిది వదలదు. ఒకే విడతలో మరీ మందంగా చల్లితే లోపలి వేడికి నురగ మాడుతుంది, అరుదుగా అంటుకుంటుంది కూడా. అందుకే పొర మీద పొరగా, మధ్యలో చల్లారనిస్తూ వేస్తారు.

ఓపెన్ సెల్ రకం ఘనపు మీటరుకు 8 కిలోల ప్రాంతంలో ఉండి, స్పాంజిలా మెత్తగా ఉంటుంది. నీటినీ తేమనూ పీల్చుకుంటుంది. క్లోజ్డ్ సెల్ రకం 30 కిలోలకు పైమాటే. డాబా మీద వేసేది మనిషి నడక తట్టుకోవాలి కాబట్టి ఇంకా చిక్కనిది వాడతారు. క్లోజ్డ్ సెల్ ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.025 వాట్ల చుట్టుపక్కల, ఓపెన్ సెల్‌ది 0.037 ప్రాంతంలో ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే ముంబైలో డాబాకు ఓపెన్ సెల్ పనికిరాదు.

ఎంత మందం కావాలి

కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇంటి పైకప్పు యు-విలువ 1.2 మించకూడదు. చదరపు మీటరు కప్పు గుండా, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె ఇది. ఏ పొరా లేని 150 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబుకు ఇది సుమారు 3.3. ముంబై మేస్త్రీలు నీరు దిగకుండా ఇటుక ముక్కలతో వేసే బ్రిక్ బ్యాట్ కోబా 100 మిల్లీమీటర్లు వేసినా 2.3 దగ్గరే ఆగుతుంది. క్లోజ్డ్ సెల్ ఫోమ్ 15 మిల్లీమీటర్లు వేస్తే లెక్కప్రకారం నియమం తీరుతుంది. 50 మిల్లీమీటర్లకు 0.43కు దిగుతుంది. మొదటి 15 మిల్లీమీటర్లు ఆపినంత వేడిని ఆ పైన వేసే 35 ఆపవు. అతి మందం చూపి ధర పెంచే కొటేషన్‌ను ఈ లెక్కతో నిలదీయవచ్చు.

ఫోమ్ స్లాబు పైభాగాన ఉండాలి. కింద వేస్తే స్లాబు పగలంతా కాగి, ఎండకు వ్యాకోచిస్తూ రాత్రికి సంకోచిస్తూ పగుళ్లు తీస్తుంది. ముందుగా డాబాపై నీళ్లు నిలబెట్టి కారడం లేదని తేల్చుకుంటారు. పూర్తిగా ఆరాకే చల్లుతారు కాబట్టి నవంబరు, మే మధ్య పని అనువు. సన్నని కమ్మీ గుచ్చి అక్కడక్కడ మందం కొలుస్తారు. ఎండకు ఫోమ్ పసుపెక్కి పొడిగా రాలుతుంది కనుక పైన సిమెంటు స్క్రీడ్ (సమం చేసే పొర), ఆ మీద తెల్ల చైనా మొజాయిక్ పరుస్తారు. ఈ పనికి ఐఎస్ 12432 మూడో భాగం భారతీయ ప్రమాణం.

ప్రత్యామ్నాయాలు

నలభై అంతస్తుల భవనంలో కప్పు మీది ఎండ నేరుగా తగిలేది చివరి అంతస్తుకే. మిగతా ఇళ్లకు వేడి పడమటి గోడ, కిటికీ అద్దాల గుండా వస్తుంది. వారికి ఏఏసీ (గాలి బుడగల తేలిక కాంక్రీటు) బ్లాకుల గోడ, కిటికీపై లోతైన సజ్జా, ఎదురెదురుగా గాలి ఆడే తలుపు, కిటికీ ఎక్కువ మేలు చేస్తాయి. చాల్ గ్యాలరీ చేసిన పని అదే.

డాబాకైనా ఫోమ్ ఒక్కటే దారి కాదు. బిగువైన థర్మోకోల్ లేదా ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్ నురగ) పలకలను స్క్రీడ్ కింద పరిస్తే 20 మిల్లీమీటర్లకే నియమం తీరుతుంది. కాకపోతే అతుకులుంటాయి. పైపులు, ట్యాంకు దిమ్మెలు ఎక్కువున్న డాబా మీద అతుకుల్లేని ఫోమ్‌దే పైచేయి. అన్నిటికన్నా చవక తెల్ల పూత. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు ఎండను తిప్పికొట్టే ఇలాంటి చల్లని కప్పును తప్పనిసరి చేసింది. ముంబై వానలకు పూత నాచుపట్టి నల్లబడుతుంది కనుక ఏటా కడగాలి.

అగ్ని, ఆరోగ్యం

గట్టిపడ్డ ఫోమ్ కూడా మండుతుంది. పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. ఇంటి లోపల వేస్తే దాన్ని జిప్సమ్ బోర్డు వంటి దానితో కప్పి తీరాలి. గ్యాస్ పొయ్యి, పడక ఒకే గదిలో ఉండే ఖోలీలో రేకుల కింద ఫోమ్‌ను బయటికి కనబడేలా వదిలేయడం ప్రమాదకరం. చల్లేటప్పుడు లేచే ఐసోసైనేట్ ఆవిరి ఉబ్బసం తెప్పించగలదు. పనివారికి తాజా గాలి అందించే మాస్కు కావాలి, ఇంట్లోవాళ్లు కనీసం 24 గంటలు బయట ఉండాలి. ఓజోన్ పొరకు చేటు చేసే హెచ్‌సీఎఫ్‌సీ-141బి వాడకాన్ని భారత్ 2020 జనవరి 1 నుంచి ఆపేసింది. కొత్త సరుకులో ఏ పొంగు పదార్థం ఉందో డేటా షీటులో చూడవచ్చు.

నిర్ణయం ఎవరిది

పగిడీ (ముందుగా పెద్ద మొత్తం కట్టి పొందే అద్దె హక్కు) కింద ఉన్న పాత ఖోలీలో రేకు మార్చాలన్నా యజమానితో మాట్లాడుకోవాలి. కొత్త భవనంలో డాబా హౌసింగ్ సొసైటీ ఉమ్మడి ఆస్తి, పై అంతస్తు కుటుంబం సొంతంగా చల్లించుకోలేదు. కట్టేటప్పుడే డిజైన్‌లో చేర్చితే స్క్రీడ్ ఖర్చు రెండుసార్లు పడదు. కాబట్టి ఒప్పందంలోని నిర్మాణ వివరాల్లో ఫోమ్ రకం, సాంద్రత, మందం, పైపూత రాయించుకోవడం మేలు. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద నమోదైన ప్రాజెక్టులో కొన్నవారికైతే, స్వాధీనం నుంచి 5 ఏళ్లలోపు బయటపడ్డ పనితనపు లోపాన్ని బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి.