బడికి ముందే సవర మాట

పూండి నుంచి పలాస దాటి మందస కొండల వైపు వెళ్తే మన సవర గూడేలొస్తాయి. ఈ మాట కోసమే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, మన పిల్లలకు సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. 1931లో ఆయన వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సర్కారు బడిలోకి సవర వాచకం రావడానికి మాత్రం 2004 ప్రాంతం దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఒకటో తరగతి నుంచే. అంతకుముందు అంగన్‌వాడీలో మూడేళ్ల బిడ్డ చెవిన పడేది చాలాచోట్ల తెలుగే.

న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ఆ వయసు దగ్గరే మొదలుపెట్టారు. కోహంగ రియో, అంటే భాషా గూడు. అక్కడ అవ్వాతాతలు పసివాళ్లతో మావోరీలోనే మాట్లాడతారు. మనకు గది కూడా అక్కర్లేదు. అడ్డాకు కోసే చోటా, పోడు గట్టునా అవ్వ వెంట తిరిగే బిడ్డకు ఏ దుంప తినొచ్చో, ఏది తినకూడదో సవరలోనే తెలుస్తుంది. వాటిలో చాలా పేర్లకు తెలుగు మాట నాకే తెలియదు. టీచర్లూ, వారానికొక పూట ఆ అవ్వను పిలవండి. పిల్లల్ని ఆమె వెంట వాగు దాకా పంపండి, మీరూ వెళ్లండి.